ఏడుపు మొహాల లెక్క

“ఏప్రాన్ విప్పి ఇవ్వను సార్,” అంది అద్దాలక్క. “ముందు నా తప్పేంటో చూపించండి.”

ఫ్లోర్ మేనేజర్ చూపించడానికి సిద్ధంగానే ఉన్నాడు. టాబ్లెట్ తిప్పి ఆమె ముందు పెట్టాడు. షాపింగ్ మాల్ రెండో అంతస్తులో, లేడీస్ వాష్‌రూమ్ గుమ్మం బయట, గోడకి ఒక మిషన్ బిగించి ఉంది. దాని మీద మూడు బటన్లు. పైన ఆకుపచ్చ నవ్వు మొహం, మధ్యలో పసుపు మొహం, అన్నిటికన్నా కింద ఎర్రటి ఏడుపు మొహం. లోపల శుభ్రంగా ఉందనిపించినవాళ్ళు బయటికొచ్చి పైది నొక్కాలి, లేదనిపించినవాళ్ళు కిందది. ఆ నొక్కుళ్ళన్నీ మేనేజర్ టాబ్లెట్‌లో గీతలై తేలతాయి. మాల్ మొత్తంలో ఈ ఒక్క వాష్‌రూమ్ ఎర్ర గీత మాత్రం మిగతావాటిని దాటుకుని ఎక్కడికో వెళ్ళిపోయింది.

ఆ వాష్‌రూమ్ కడిగే పని అద్దాలక్కది. ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె తుడిచిన అద్దంలో చూసుకుంటే ఎంతటివాళ్ళకైనా తమ మొహం మీద కాస్త అభిమానం పుడుతుందని చుట్టుపక్కల దుకాణాల అమ్మాయిలు ఆటపట్టిస్తుంటారు. అలాంటి మనిషిని పట్టుకుని పని చేతకాదంటే ఊరుకుంటుందా? ఉద్యోగం పోతుందన్న భయం ఒక పక్క పీకుతూనే ఉంది. దానికన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ గుచ్చింది.

ఎవరో గిట్టనివాళ్ళు నొక్కి ఉంటారంది. గిట్టనివాళ్ళు రోజూ పనిగట్టుకుని వస్తారా అని మేనేజర్ అడిగాడు. చెడ్డవాడేం కాదు, లెక్కని నమ్మేవాడు, అంతే. పైగా అతని దగ్గర ఇంకో లెక్క కూడా ఉంది. అది బయటపెట్టడానికి అతనికే కాస్త ఇబ్బందిగా ఉంది.

“మీ సెలవు రోజుల్లో ఎర్ర గీత లేనే లేదక్కా. మీరు వచ్చిన రోజే లేస్తోంది.”

అద్దాలక్కకి ఒళ్ళు మండిపోయింది. ఆమె సెలవు పెడితే వచ్చేదెవరు? చీపురు గోడకి ఆనించి, ఫోన్లో తల దూర్చేసి, పొద్దుపోయేదాకా లోకం పట్టని పిల్ల. ఆ పిల్ల ఉంటే జనం నవ్వుకుంటూ పోతున్నారట, తను ఉంటే ఏడుస్తున్నారట. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

“అయితే రేపు మీరే ఆ మిషన్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోండి సార్. ఏడుపు మొహం నొక్కినవాళ్ళని ఆపండి. నా పనిలో ఏం తక్కువైందో నా మొహం మీదే చెప్పమనండి. చెప్తే, ఏప్రాన్ ఉతికి మడతపెట్టి మరీ మీ చేతికిస్తా.”

మేనేజర్ కాదనలేకపోయాడు. మర్నాడు పొద్దున్నే కుర్చీ వేసుకున్నాడు. ఎర్ర మొహం నొక్కినప్పుడల్లా తన ఫోన్ మోగేలా కూడా పెట్టుకున్నాడు. అద్దాలక్క తనకి తనే ఒక షరతు పెట్టుకుంది. ఈ రోజు ఆ మిషన్ ఛాయలకే వెళ్ళకూడదు. వెళ్తే, జనాన్ని గుడ్లురిమి నవ్వు మొహం నొక్కించిందంటారు. అందుకని లోపలే ఉండి నేల కడిగింది, కుళాయిలు తోమింది, అద్దాల సంగతి సరేసరి.

జనం వచ్చారు, వెళ్ళారు. తడి చేతులతో బయటికి రాగానే ఎదురుగా కుర్చీలో మగమనిషి కనిపించేసరికి ఉలిక్కిపడ్డవాళ్ళున్నారు. ఒక పెద్దావిడైతే ఆగి, ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావు నాయనా అని నిలదీసింది. అతను మెళ్ళో కార్డు చూపించి, సమాచారం సేకరిస్తున్నానన్నాడు. ఇదేం ఉద్యోగమని జాలిపడి, నవ్వు మొహం నొక్కి వెళ్ళిపోయింది. చాలామంది అదే నొక్కారు. కొందరు ఏదీ నొక్కలేదు. మేనేజర్ భోజనం కూడా కుర్చీలోనే కానిచ్చాడు. ఫోన్ మాత్రం కిక్కురుమనలేదు.

డ్యూటీ దిగే వేళకి అద్దాలక్క బయటికొచ్చి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

“ఏరీ సార్, నన్ను చూసి ఏడ్చేవాళ్ళు?”

మేనేజర్ ఫోన్ తీసి ఇంకోసారి చూసుకున్నాడు. తను ఎదురుగా ఉండటంతో జనం మొహమాటపడి ఉంటారని, ఈ ఒక్క రోజు లెక్కలోకి రాదేమోనని నసిగాడు.

“బావుంది సార్. మంచి లెక్క వస్తే మీరు కూర్చున్నందుకు, చెడ్డ లెక్క వస్తే నేను కడిగినందుకా? అయితే రేపూ రండి, ఎల్లుండీ రండి. మీ కుర్చీ నేనే తుడిచి వేస్తా. నేను మాత్రం ఇక్కణ్ణుంచి కదలను.”

మేనేజర్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఓటమి ఒప్పుకున్నాడు. ఏప్రాన్ సంగతి మర్చిపొమ్మని, ఎప్పటిలా పని చేసుకొమ్మని, ఆ నొక్కేదెవరో తను ఇంకో దారిలో కనుక్కుంటానని చెప్పాడు.

అద్దాలక్క గుండె తేలికపడింది. గెలిచిన హుషారులో చుట్టూ ఒకసారి చూసుకుంది. చూపు మిషన్ దగ్గర ఆగిపోయింది. పొద్దుట్నుంచి ముట్టుకోలేదు కదా, దాని అవతారం చూడబుద్ధి కావడం లేదు. అందరి వేళ్ళ తడీ పైనుంచి కిందికి కారి, ఎర్ర మొహం మీద చేరి, తెల్లటి మరకలై ఎండిపోయింది. మామూలుగా అయితే జనం పలచబడినప్పుడల్లా తుడిచేసేది. ఇక షరతు ఎందుకు? నడుముకి దోపిన గుడ్డ తీసి, ఉఫ్‌మని ఊది, ఎర్ర మొహాన్ని బలంగా రుద్దడం మొదలుపెట్టింది.

మేనేజర్ జేబులో ఫోన్ టింగుమంది. మళ్ళీ టింగుమంది. ఆపకుండా మోగుతూనే ఉంది.

“ఎవరో నొక్కుతున్నారు సార్, లేచి పట్టుకోండి,” అంది అద్దాలక్క, చెయ్యి ఆపకుండా.