రెండో పిచ్చుక

"గేరుబాక్సు పోయింది బాబాయ్. ఇక తుక్కే," అన్నాడు మెకానిక్.

"తోలి చూడకుండానే చెప్తావేంట్రా?"

"స్టీరింగు ముట్టుకోనిస్తేగా తోలేది! మీ పక్కన కూర్చుని విన్నాగా. గేరు మార్చినప్పుడల్లా కరకర. చాలదూ? శనివారం ఫిట్‌నెస్ పరీక్షకి ఈ మోతతో వెళ్తే ఆఫీసువాళ్ళు నేరుగా తుక్కుకి రాసేస్తారు."

వాచీలు బాగుచేసే పెద్దాయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పిచ్చుక స్టీరింగును ఇంకో మనిషిని ఆయన పట్టనివ్వడు. పిచ్చుకంటే ఆ కారే. రెండు తలుపులు, గుండ్రటి దీపాలు, ఏ సందులోనైనా ఇట్టే దూరిపోయే బుల్లి కారు. ఒకప్పుడు ఊళ్ళో పాతిక దాకా తిరిగేవి. ఒక్కొక్కటే రాలిపోయి ఈ మీగడరంగుది మిగిలింది.

"ఇంకో పిచ్చుక దొరికితే దాని గేరుబాక్సు వేస్తావా?"

"దొరికితే చూద్దాం. దొరకదు."

"దొరుకుతుంది," అన్నాడు పెద్దాయన.

కారు ఇంటికి తెచ్చి షెడ్డులో పెట్టి, తాళంచెవి మేకుకు తగిలించి, కుంటుకుంటూ మళ్ళీ గుమ్మం దిగాడు.

"ముందు ఆ మోకాలు డాక్టరుకి చూపించుకోండి," అంది భార్య.

"నా మోకాలికి శనివారం పరీక్ష లేదు," అని నడిచాడు.

తుక్కు కొట్లన్నీ తిరిగాడు. లాభం లేకపోయింది. మర్నాడు మందుల షాపు అమ్మాయి పలకరించింది.

"మీ పిచ్చుక బాగైపోయినట్టుందే తాతగారూ! ఇందాకే ఇటు వెళ్ళింది. చప్పుడే లేదు."

"నాది షెడ్డులో ఉందమ్మా."

"అయితే ఇంకోటుందన్నమాట! అచ్చం అదే రంగు. మార్కెట్ వైపు తిరిగింది."

పెద్దాయనకి ప్రాణం లేచొచ్చింది. పరుగులాంటి నడకతో మార్కెట్‌కి వెళ్ళేసరికి ఏమీ లేదు. "ఇప్పుడే వెళ్ళిపోయింది, అరగంట ముందొస్తే దొరికేది," అన్నాడు కొబ్బరికాయలాయన.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళి మార్కెట్ మలుపులో నిలబడ్డాడు. ఎండ నెత్తికెక్కింది. మోకాలు బూరెలా ఉబ్బింది. కొబ్బరికాయలాయన స్టూలు వేస్తే కూర్చోలేదు. కూర్చుంటే లేచేలోపు అది దాటిపోతుందని భయం. కాళ్ళు పట్టుకునైనా సరే, ఆ కారుగలాయన చేత ఊఁ అనిపించాలి.

పదకొండింటికి వచ్చింది. మీగడరంగు. మలుపులో గేరు మారింది, మారినట్టే తెలియలేదు. ఆహా, గేరుబాక్సంటే అదీ! పెద్దాయన రెండు చేతులూ చాపి రోడ్డుకి అడ్డం పడ్డాడు.

కారు జానెడు దూరంలో ఆగింది. అద్దం దిగింది.

"అలా అడ్డం పడతారేంటండీ, గుండె ఆగిపోయింది!" అంది లోపలినుంచి ఆయన భార్య. వెనకసీటు మీద కూరల సంచీ ఉంది.

"నువ్వా? నీకు... తోలడం వచ్చా?"

"పెళ్ళికి ముందే వచ్చు. మీరెప్పుడైనా అడిగితేగా!"

"మరి ఆ కరకర ఏదీ?"

ఆవిడ వంగి అవతలి తలుపు తీసింది.

"ఎక్కండి. రేపు పరీక్షకి నేను తోల్తాను. పోయింది గేరుబాక్సు కాదండీ, క్లచ్ పూర్తిగా తొక్కలేని మీ ఎడమ మోకాలు."