దమ్మున్న బండి

"ఆ పాతదాన్ని నీళ్ళల్లో దించొద్దు. ఇటునుంచి ఇటే తీసుకుపోయి తుక్కులో పడెయ్యండి," అన్నాడు చేప.

చేప అంటే ఆ బీచ్‌లో లైఫ్‌గార్డ్. నడక కంటే ముందు ఈత వచ్చిందని చిన్నప్పుడు అక్క పెట్టిన పేరది. అసలు పేరు డ్యూటీ రిజిస్టర్‌లో తప్ప ఇంకెక్కడా వినపడదు.

కంపెనీ మెకానిక్ నవ్వాడు. "భలేవాడివన్నా! ఎక్స్ఛేంజ్‌లో తీసుకునే బండిని నడిపి చూడకుండా ఎలా తీసుకుంటాను? మావాళ్ళు నా తోలు తీస్తారు."

ట్రెయిలర్ మీద, అలల మీద స్కూటర్‌లా దూసుకుపోయే కొత్త జెట్‌స్కీ తళతళలాడుతోంది. ఎర్రటి ఒళ్ళు, ముగ్గురు కూర్చునే సీటు, పాతదానికి మూడింతల పవర్. పాతది పక్కనే ఇసకలో ఒరిగి ఉంది. రంగు పెచ్చులూడింది, సీటు నిండా టేపు అతుకులు.

దాన్ని చూస్తే ఆ బీచ్‌లో అందరికీ ఒళ్ళు మండుతుంది. ఏడాది కిందట చేప బావను పొట్టన పెట్టుకున్న బండి అది. ఆ పొద్దున బావ ఈతకు దిగాడు. నీటి లాగుడుకి చిక్కి, నల్లరాయి దగ్గర చెయ్యెత్తి కేకలు పెట్టాడు. డ్యూటీలో ఉన్నది చేప ఒక్కడే. "బండికి దమ్ము లేదు సార్. సగం దూరం వెళ్ళేసరికి అలలకు ఎదురుపోలేక మొరాయించింది," అని రిపోర్టు రాసిచ్చాడు. బావ మర్నాటికి గానీ దొరకలేదు.

ఆ రిపోర్టు పట్టుకుని అక్క ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. "మా తమ్ముడి చేతికి మంచి బండి ఇచ్చి ఉంటే నా మొగుడు బతికేవాడయ్యా! ఇంకో ఆడదానికి నా గతి పట్టనివ్వకండి," అని కనపడిన ప్రతి ఆఫీసర్‌కీ అర్జీ ఇచ్చింది. వాళ్ళు విసుక్కున్నారు, కసురుకున్నారు. చివరికి ఆవిడ పోరు పడలేక కొత్త బండికి సంతకం పెట్టారు.

అంత జరిగినా తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అతని దుస్తులు తనే ఉతికి ఆరేసేది. జ్వరమొస్తే రెండు వీధులు దాటి వచ్చి నుదుటి మీద తడిగుడ్డ వేసేది. లోకం ఏమనుకున్నా ఫరవాలేదు, అక్క వేలెత్తి చూపకుంటే చాలు అనుకుంటూ చేప రోజులు నెట్టుకొస్తున్నాడు. ఆ వేలే గనక లేస్తే తను బతికీ లాభం లేదు.

మెకానిక్ పాతదాన్ని నీళ్ళల్లోకి తోశాడు.

"జాగ్రత్త తమ్ముడూ, మధ్యలో ఆగిపోతుంది!" అని అరిచాడు చేప.

ఆగితేగా! ఒక్క ఉరుకున నల్లరాయి దాకా పోయి, దాన్ని చుట్టి, కొత్త బండి అప్పగింత చూడ్డానికొచ్చిన ఆఫీసర్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేలోపు ఒడ్డుకొచ్చేసింది.

"ఏం బండన్నా ఇది! పైన రంగు పోయిందిగానీ, లోపల ఇంజన్ భేషుగ్గా ఉంది," అన్నాడు మెకానిక్ మొహం తుడుచుకుంటూ.

"ఆ రోజు అలలు వేరు," అన్నాడు చేప. షెడ్డు నీడలో నిలబడ్డ అక్క వైపు దొంగచూపు చూశాడు. అక్క సముద్రం వైపు చూస్తోంది.

"పాతదాని గోల మనకెందుకయ్యా ఇంక? కొత్తదాని మీద ఒక రౌండు వెయ్యి. మీ అక్క కళ్ళారా చూడాలి కదా. ఆవిడ పుణ్యమా అనే కదా ఇది వచ్చింది," అన్నాడు ఆఫీసర్.

బావ పోయిన దగ్గర్నుంచి చేప నీళ్ళల్లో దిగడం ఎవరూ చూడలేదు. ఏదో ఒక వంకతో గట్టు మీదే డ్యూటీ చేస్తున్నాడు. పాపం, బావ గుర్తొస్తున్నాడు కాబోలని తోటివాళ్ళు కూడా సర్దుకుపోయారు.

ఇప్పుడు మోకాళ్ళ లోతుకు వెళ్ళాడు. రెండు చేతులతో కొత్త బండి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఓ అల వచ్చి తొడలకు కొట్టింది. కాలెత్తి అవతలికి వెయ్యాలి, అంతే. కాలు లేవలేదు.

"నడుం పట్టేసింది సార్. ఇవాళ్టికి మెకానిక్ నడుపుతాడు."

"ఏం నడుమయ్యా అది! ముహూర్తం చూసుకుని మరీ పట్టేస్తుందే!" అన్నాడు ఆఫీసర్. అందరూ నవ్వారు. చేప కూడా నవ్వాడు. మెకానిక్ కొత్త బండి మీద మూడు రౌండ్లు కొట్టాడు. చూసినవాళ్ళు ఈలలు వేశారు, ఫొటోలు తీసుకున్నారు. తర్వాత పాతదాన్ని ట్రెయిలర్‌కి ఎక్కించుకుని కంపెనీవాళ్ళు వెళ్ళిపోయారు.

షెడ్డు దగ్గర అక్కాతమ్ముళ్ళిద్దరే మిగిలారు.

"రేపటికి నడుం సర్దుకుంటుందిలే అక్కా. ఇంత దమ్మున్న బండి వచ్చాక ఇక్కడ ఇంకెవరూ పోరు."

"ఈ ఉద్యోగం మానెయ్యిరా," అంది అక్క.

చేప గతుక్కుమన్నాడు. "అదేంటక్కా! ఏడాది పాటు అంత తిరిగి తెప్పించావు. నేను మానేస్తే నీ కష్టమంతా ఏమైపోవాలి? పాతది మోసం చేసింది కాబట్టే కదా బావ..."

"మంచి బండి వస్తేనైనా ఎక్కుతావేమోనని తిరిగానురా," అంది అక్క, "ఆ రోజు నువ్వు పాతదాన్ని ఎక్కనే లేదని, గట్టు మెట్ల పైన నిలబడి కళ్ళారా చూసినదాన్ని కాబట్టి."