తూములో గుడ్డ

నీళ్లు మళ్లీ పోలేదు.

వాషింగ్ మిషన్ కక్కిన నీళ్లన్నీ తూము దగ్గరే బుడబుడలాడి నేలంతా పరుచుకున్నాయి.

రుమియాతికి ఒళ్లు మండింది. పదిమంది బట్టలు ఉతికిపెట్టి బతుకుతోంది. ఆ మిషన్ ఆగితే ఆమె పొయ్యి ఆగినట్టే.

కొండ మీది పొగాకు ఊరు వదిలి, సెమరాంగ్ రేవు వెనక సందులోకి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. అద్దె చవకని ఈ ఇల్లు తీసుకుంది. సందులో అందరి ఇళ్లకూ మెట్లెక్కాలి. ఈమె ఇంట్లోకి మాత్రం దిగాలి.

"నీ ఇంటికి రావాలంటే నిచ్చెన తెచ్చుకోవాలే!" అనేది పక్కింటి కస్మి.

"మీకు డబ్బెక్కువై నేలలు ఎత్తించుకున్నారక్కా. నాకేం ఖర్మ?" అనేది రుమియాతి.

ఇప్పుడు మెకానిక్కును పిలవలేదు. తనే చీర ఎగగట్టినట్టు సారోంగు ఎగగట్టి కూర్చుంది. కింద ఫిల్టర్ మూత తిప్పి లాగింది. గుండీలు, తలపిన్ను, జానెడు దారం. కడిగి బిగించింది. గొట్టం మెలిక తీసింది.

నీళ్లు కదల్లేదు.

వెదురు బద్ద తూములోకి తోసింది. బారెడు పోయి, మెత్తగా దేనికో తగిలింది.

గోడ బయటికి వెళ్లి మురిక్కాలువలో చెయ్యి పెట్టింది. తూము నోట్లో ప్లాస్టిక్ సంచి చుట్టిన గుడ్డ. గట్టిగా, పొందిగ్గా కూరి ఉంది.

దానంతట అది వచ్చి కూరుకున్నది కాదు. ఎవడో కూరాడు.

లాగి పారేసింది. నీళ్లు భళ్లున పోయాయి.

మధ్యాహ్నానికి గుడ్డ మళ్లీ అక్కడే ఉంది!

మళ్లీ లాగేసి, కిటికీ చాటున కాపు కాసింది. దొంగ దొరికాడు. సందు చివర రేకుల గదిలో ఒంటరిగా ఉండే ముసలాయన, సర్పాన్.

"ఏయ్ ముసలాయనా! ఊళ్లో ఇన్ని తూములుంటే నాదే దొరికిందా నీకు?"

ఆయన నడుం పట్టుకుని లేచాడు.

"సముద్రం వస్తుంది తల్లీ. రేపు పున్నమి."

"ఓహో! పెట్టే బేడా సర్దుకుని వస్తుందా? టీ పెట్టి ఉంచనా?"

"నవ్వకు తల్లీ. పోటు తగ్గగానే నేనే తీసేస్తాగా."

"నా నోటికాడి కూడు తీస్తూ కథలు చెబుతున్నావా? ఉండు, నీ పని పడతా."

పట్టింది కూడా. సాయంత్రం పోటు తగ్గిందని గుడ్డ తీసుకుని ఆయన అలా వెళ్లాడో లేదో, ఇలా సిమెంటు కలిపింది. తూము నోటి మీదుగా కాలువకు రాతి పలక పరిచి, అంచులన్నీ పూసేసింది. నీళ్లు కింద నుంచి పోతాయి. మనిషి చెయ్యి మాత్రం దూరదు. మేస్త్రీ కూడా అంత నున్నగా పుయ్యడు. పగ పట్టిన చేతికి పనితనం ఎక్కువ.

మర్నాడు ముసలాయన గుడ్డ పట్టుకుని వచ్చాడు. పలక చూసి నిలబడిపోయాడు. వేళ్లు దూర్చి ఎత్తబోయాడు. గోళ్లు చితికి నెత్తురొచ్చింది.

కిటికీలోంచి చూస్తున్న రుమియాతికి కడుపు చల్లబడింది.

ఆయన వెళ్లి గునపం తెచ్చాడు. ఆమె ఒక్క ఉదుటున వచ్చి దాన్ని లాక్కుంది.

"నా పలక మీద దెబ్బ పడిందా, నీ చెయ్యి విరుగుతుంది!"

"పోనీ, ఈ ఒక్క పూట మిషన్ పెట్టకు తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటా."

"పెడతా! నీ కళ్లముందే పెడతా. ఏడువు!"

లోపలికి వెళ్లి, పట్టినన్ని దుప్పట్లు కుక్కి మిషన్ వేసింది. మొదటి ఉతుకు నీళ్లు జారుకుంటూ పోయాయి. ఆమె కూనిరాగం తీసింది.

రెండో ఉతుక్కి తూము గుటకలు వేసింది.

నీళ్లు పోవడం లేదు. వస్తున్నాయి. సబ్బు నీళ్లు కావు, నల్లటి నీళ్లు, చేపల కంపు. చూస్తుండగానే గది నిండుతోంది. నేల మీది ప్లగ్గు బోర్డు వైపు పాకుతున్నాయి.

ప్లగ్గు పీకుదామని, గడప మీదున్న ఆమె నీళ్లలోకి కాలు ఎత్తింది.

మిషన్ ఠక్కున ఆగిపోయింది. ఫ్యాను ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం.

బయటికి పరుగెత్తింది. ముందు గోడకున్న మీటరు పెట్టె తెరిచి ఉంది. స్విచ్చి మీద ముసలాయన చెయ్యి ఉంది.

"కరెంటు కూడా తీసేస్తావా! నీ పగ తగలెయ్య!"

రెండు చేతులతో తోసింది.

ఆయన వెల్లకిలా పడ్డాడు. మీటరు కిందే ఆమె పరిచిన పలక ఉంది. దాని అంచుకు తల తగిలింది.

"లోపలికి... వెళ్లకు తల్లీ," అన్నాడు. కళ్లు మూసుకున్నాడు.

చప్పుడు విని కస్మి వచ్చింది. తలుపులోంచి లోపలికి తొంగి చూసింది. చీలమండ లోతు నల్లటి నీళ్లు. వాటిలో తేలుతున్న ప్లగ్గు బోర్డు.

కస్మి గుండె బాదుకుంది.

"ఎంత పని చేశావే! ఎవరిని తోశావో తెలుసా?"

"తాతా!" రుమియాతి మొదటిసారి అలా పిలిచింది. "తాతా, లే!"

ఆయన లేవలేదు.

"ఇల్లు అద్దెకు పోదని మీ యజమాని మా నోళ్లు కట్టేశాడే రుమీ. ఇది ఒకప్పుడు ఈయన ఇల్లే. ఇదే తూములోంచి పోటు పొంగిన రోజు, తిరుగుతున్న మిషన్ ఆపబోయి ఈయన పెళ్లాం నీళ్లలో కాలు పెట్టి, కరెంటు కొట్టి పోయింది. ఆ రోజు ఈయన స్విచ్చి దాకా రాలేకపోయాడు."