పట్టీకి వేసిన మెలి

ఇనుప పైపులను కట్టిన పట్టీకి తాను వేసిన మెలిని ఎవరో విప్పేశారని డ్రైవర్‌కి టార్చి వెలుగులో తెలిసింది. రొద విని ఇప్పుడు ఆపేదాకా దారిలో ఎక్కడా ఆగలేదు. లారీలో అతను తప్ప ఎవరూ లేరు.

పాలవ్యాను మానేసి, పక్కగోడల్లేని ఈ ట్రైలర్ ఎక్కిన మొదటి రాత్రి ఇది. పని నేర్పిన బావమరిది చెప్పనే చెప్పాడు: “బావా, పట్టీకి ఒక మెలి వెయ్యి. లేకపోతే గాలికి రాత్రంతా రొద పెడుతుంది, అచ్చం మా అక్కలాగా!”

మెలి విప్పినవాడు పట్టీనే వదులు చేస్తే సరుకు జారి, ఉద్యోగంతోపాటు ప్రాణమూ పోతుంది. ‘విప్పింది ఎవడైనా సరే, తెల్లారేసరికి సరుకు దింపి తీరతాను’ అనుకుంటూ మళ్లీ మెలి వేసి, బిగించి, బయల్దేరాడు.

రొద ఆగిపోయింది. రోడ్డు సాఫీగా సాగుతోంది. రెప్పలు బరువెక్కాయి, తల మెల్లగా వాలింది.

వెనక పట్టీ గుయ్యిమంది.

ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. దీపాల వెలుగులో రోడ్డు పక్కకి తిరిగిపోయింది. ఎదురుగా లోయ.

“ఎవడ్రా నా మెలి విప్పేది?” అని అరిచాడు.

ఖాళీగా ఉన్న పక్క సీటు కిర్రుమంది.

“నేనే అన్నా. నీకంటే ముందు ఈ బండి నాదే. నేనూ మెలి వేశాను. రొద లేకపోయేసరికి, ఇదే మలుపులో హాయిగా నిద్రపోయాను.”