గాడిద దర్జీ

కళ్ల ఆపరేషన్ పట్టీలు విప్పిన వారానికే, రేపు మళ్లీ బస్సు నడపడానికి వెళ్తానన్నాడు అన్నయ్య.

"నిజంగా బాగా కనిపిస్తోందా?" వాడి డ్రైవరు చొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగాను.

"నీ ముక్కు మీది పుట్టుమచ్చతో సహా! ముందు టీవీ పెట్టవే, మనవాడు వచ్చే టైమైంది."

మనవాడంటే గాడిద దర్జీ. మా చిన్నప్పుడు మొదలైన ఆ నవ్వుల కార్టూన్ ఇప్పటికీ వస్తూనే ఉంది. పాతవే మళ్లీ వేసినా అన్నయ్య వదలడు.

ఈరోజు ఏనుగు పెళ్లికొడుకు సూటు కుట్టించుకోవడానికి వచ్చాడు.

"చూడు చూడు, ఇప్పుడు తోకతో కొలత తీస్తాడు!" అంటూ అన్నయ్య ముందే పడీ పడీ నవ్వాడు. మనవాడు నిజంగానే తోకతో కొలిచాడు. హమ్మయ్య అనుకున్నాను. ఇంత హాయిగా చూస్తున్నవాడి మీద నాకెందుకీ అనుమానం?

అంతలో టీవీలో బొమ్మ పోయింది. తెరంతా నల్లబడింది. మాటలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి. బాగుచేద్దామని లేచాను.

"ఎక్కడికే? ఏనుగు మొహం చూడు, ఎలా కందగడ్డయిపోయిందో!"

అన్నయ్య ఆ నల్లటి తెరకేసి వేలు చూపిస్తూ, కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

వెనక్కొచ్చి ఇస్త్రీపెట్టె పట్టుకున్నాను.

"నవ్వవేంటే?" అన్నాడు.

నవ్వాను. నవ్వు ఆపితే ఏమైందని అడుగుతాడు. ఇస్త్రీ అయిపోయిన చొక్కానే మళ్లీ ఇస్త్రీ చేస్తూ, ఆ నల్లటి తెరను చూసి నవ్వుతూనే ఉన్నాను.