పడవ బోల్తా పడ్డాక

కొండల్లో సరస్సు మీద పడవ బోల్తా పడినా మా చెల్లెలు లహరి బతికి వచ్చింది. అందుకని మొక్కు తీర్చడానికి మా క్వార్టర్లో సత్యనారాయణ వ్రతం పెట్టాను. డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో తెలుగువాళ్లంతా వచ్చారు.

హాల్లో లహరి మొగుడు, మా మరిది ప్రేమ్‌చంద్ కబుర్లు. వేసవంతా కొండలెక్కారట, పిల్లలతో వెళ్తున్న ఎలుగుబంటిని చూశారట, ఇద్దరే తెడ్లు వేసుకుంటూ సరస్సంతా తిరిగారట.

"మునిగిపోతుంటే జుట్టు పట్టి లాగేశాను. మీ చెల్లెలి బరువు మీకు తెలుసుగా, వదినగారూ!"

అందరూ నవ్వారు. పక్కింటాయన భుజం తట్టి, "అరే వాహ్, అస్లీ హీరో!" అన్నాడు.

వంటింట్లో లహరి ప్రసాదానికి రవ్వ వేయిస్తోంది.

"జుట్టు పట్టి లాగింది ఇంకో పడవలో వచ్చిన పడవవాడు అక్కా. తిరగబడ్డ పడవని మేమిద్దరం పట్టుకున్నాం. ఇద్దరికీ ఆగదని ఈయన నా వేళ్లు ఒక్కొక్కటే ఊడదీశారు."

"నీళ్లలో కంగారుపడి అలా అనుకున్నావేమోనే."

"నా మొహం చూస్తూనే తీశారు. నేనింక వెళ్లనక్కా. నీ దగ్గరే ఉంటాను."

హాల్లోంచి పంతులుగారు పిలిచారు. స్టవ్ ఆపి, దాని కళ్లు తుడిచి, బొట్టు సరిచేసి, పీటల మీద మొగుడి పక్కన కూర్చోబెట్టాను.

"ఆయన సంకల్పం చెబుతుంటే చెయ్యి పట్టుకోవాలమ్మా," అన్నారు పంతులుగారు.

లహరి నా కొంగు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. మెల్లగా విడిపించుకుని, దాని చెయ్యి తీసి అతని చేతి మీద పెట్టాను.

"అందరూ చూస్తున్నారు," అన్నాను చెవిలో. "నవ్వవే."