అచ్ఛా, బేటా

నిరంజన్ చెయ్యి వణికి, కప్పులోని టీ పక్కనున్న పెద్దాయన శాలువా మీద ఒలికింది.

"సారీ అంకుల్."

"కోయీ బాత్ నహీ, బేటా," అంటూ ఆయన జరిగి బెంచీ మీద చోటిచ్చాడు.

నోయిడాలోని ఆ అపార్ట్‌మెంట్ల పార్కులో పొద్దున్నే ఎండ పడే బెంచీ అదొక్కటే. పెద్దాయన తల మీద ఉన్నిటోపీ, ఒళ్లో హిందీ పేపరు.

నిరంజన్ తనలో తాను గొణుక్కున్నాడు. "పన్నెండేండ్ల గంజాయి. ఇడిచిపెడితే చెయ్యి వణకదా మరి."

"అచ్ఛా," అన్నాడు పెద్దాయన, తనతోనే మాట్లాడాడనుకుని కాబోలు.

ఈయనకు తెలుగు రాదు. ఆ ధైర్యమే నిరంజన్ నోరు విప్పించింది. భార్య ఉషకు చెప్పుకోలేనివి, ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం ఊడేవి, అన్నీ తెలుగులో చెప్పేశాడు. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ.

"నిద్ర పడతలేదు అంకుల్. అన్నం సయిస్తలేదు. పాప మీద ఊకె అరుస్తున్న."

"అచ్ఛా."

"స్కూల్ బస్సు కాడ పాప ఎదురుచూస్తుంటే, నేను బాల్కనీల మత్తుల కూసున్న. వాచ్‌మన్ తోలుకొచ్చిండు. ఆ దినమే ఇడిచిపెట్టిన."

"అచ్ఛా, బేటా."

ఒకరోజు నిరంజన్ కూర్చోనే లేదు. "ఇయ్యాల నాతోని కాదు అంకుల్. పోయి తెచ్చుకుంట. ఒక్కసారే."

పెద్దాయన అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఘుట్నే మే దర్ద్ హై, బేటా. థోడా ఘుమా దో."

మోకాలి నొప్పట. కాస్త నడిపించాలట.

విసుక్కుంటూనే నడిపించాడు. పెద్దాయన చెట్టు చెట్టుకూ ఆగుతూ పార్కు చుట్టూ తిప్పుతూనే ఉన్నాడు. చివరికి గేటు దగ్గర ఆఫీసు క్యాబ్ హారన్ కొట్టింది. ఆరోజు తెచ్చుకోవడం కుదరనే లేదు.

చలి తగ్గే వేళకు కలలు మొదలయ్యాయి. మత్తులో ఉన్నన్నాళ్లూ రాని కలలు.

"రాత్రి మా బాపు కల్లకొచ్చిండు అంకుల్. ఆయన పోయిననాడు నేను ఏడ్వలే. మత్తుల పండుకున్న."

ఇప్పుడు ఏడ్చేశాడు. పెద్దాయన తన మఫ్లరు తీసి అతని మెడకు చుట్టాడు. చాలాసేపు వీపు మీంచి చెయ్యి తియ్యలేదు. ఆయన కళ్లు కూడా చెమ్మగిల్లాయి. ముసలి కళ్లు, ఊరికే నీళ్లు కారతాయి అనుకున్నాడు నిరంజన్.

తర్వాత ఆఫీసు పని మీద పుణె వెళ్లి, కొన్నాళ్లకు తిరిగొచ్చాడు. అంకుల్‌కు చూపిద్దామని కూతురు ఇషితను కూడా వెంటబెట్టుకుని పార్కుకు వెళ్లాడు.

బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

"ఇక్కడికొచ్చే నిరంజన్‌వి నువ్వేనా, బాబూ?"

తెలుగు వినేసరికి ఉలిక్కిపడ్డాడు. "అవునండి. మీరు?"

"త్యాగరాజు గారి భార్యని. నీ పక్కన కూర్చునేవారే, ఆయన. పోయిన వారం నిద్రలోనే వెళ్లిపోయారు. నీకు చెప్పాలని రోజూ వచ్చి కూర్చుంటున్నాను."

ఇషిత చేతిని గట్టిగా పట్టుకున్నాడు నిరంజన్.

"అంకుల్‌కు తెలుగు వస్తదా?"

"ముప్పై ఏళ్లు ఢిల్లీలో తెలుగు మాస్టారు, బాబూ. రిటైరయ్యాక నేను తప్ప తెలుగు మాట్లాడే మనిషి లేక మొహం వాచిపోయారు. నువ్వేం చెప్పుకునేవాడివో నాకు ఏనాడూ చెప్పలేదు కానీ, తను తెలుగువాడని తెలిస్తే నువ్వు చెప్పుకోవడం మానేస్తావని, నీ దగ్గర మాత్రం ఒక్క తెలుగు ముక్క నోట రానివ్వలేదు."